కల్కి తల్లి ఎవరు?

మా మేనల్లుడు హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాడు. 2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ విడుదలైన నాడు మొదటి ఆట చూసి నేరుగా మా ఇంటికి వచ్చాడు. సినిమా నచ్చిందో లేదో చెప్పలేదు. “అర్జునుణ్ణి గంత తక్కువ చేసుడేంది మామా? భారతంల గట్లనే ఉన్నదా?” అన్నాడు. 2025 సెప్టెంబర్ 18న, రెండవ భాగంలో దీపికా పదుకొణె ఉండదని నిర్మాణ సంస్థ వైజయంతీ మూవీస్ ప్రకటించింది. ఆ సాయంత్రం మళ్ళీ వచ్చాడు. ఈసారి ప్రశ్న వేరు. “మరి కల్కి తల్లెవరు?”

ఇలాంటి ప్రశ్నలు విని నవ్వెయ్యడం తేలిక. మనలో చాలామందిమి చేసేదీ అదే. వ్యాపార సినిమాకు ప్రామాణికత ఏమిటని పెదవి విరుస్తాం. కాని ఒక కుర్రవాడు ఒక కథ మారిందని ఇంతగా నొచ్చుకుంటున్నాడంటే, ఆ కథలో అతని శ్రమ కూడా ఎంతో కొంత ఉన్నదన్నమాట. పాత్రల వరస గుర్తుపెట్టుకోవడం, ఖాళీలు పూరించడం, పొసగనివాటిని పొసిగించడం, రాబోయేదాన్ని ఊహించడం – ఇదంతా శ్రమే. ఆ శ్రమ చేసినవాడికి కథ మీద ఏ హక్కూ లేకపోవడం దగ్గర అతని బాధ మొదలవుతున్నది.

వైజ్ఞానిక కల్పనా కథల అభిమానులు ‘కానన్’ అనే మాట వాడతారు. ఏ గ్రంథాలు ప్రమాణమో క్రైస్తవ మతపెద్దలు తేల్చి చెప్పిన జాబితాకు ఉన్న పేరది. 1911లో రొనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత షెర్లాక్ హోమ్స్ కథలను బైబిలు పండితుల ధోరణిలో వేళాకోళంగా పరిశీలిస్తూ ఒక వ్యాసం చదివాడు. ఆ వేళాకోళం తర్వాత తర్వాత నిజమైపోయింది. ఇప్పుడు ఒకే పేరు మీద వరసగా సినిమాలు, నవలలు, బొమ్మల కథలు, ఆటవస్తువులు వస్తూ ఉంటే దాన్ని ఫ్రాంచైజీ అంటున్నారు. అందులో ‘నిజంగా జరిగిన’ కథ ఏది, కానిది ఏది అని చెప్పే అధికారమే కానన్. మతంలో ఆ అధికారం పీఠానిది. ఇక్కడ కంపెనీది.

ఇందుకు పెద్ద ఉదాహరణ అమెరికాలో ఉన్నది. ‘స్టార్ వార్స్’ మొదటి సినిమా 1977లో వచ్చింది. దాని సృష్టికర్త జార్జ్ లూకాస్ 1988లో అమెరికన్ కాంగ్రెసు ముందుకు వెళ్ళి, పాత సినిమాలను యజమానులు ఇష్టం వచ్చినట్లు మార్చకూడదని సాక్ష్యం చెప్పాడు. 1997లో ఆయనే తన సినిమాను మార్చి విడుదల చేశాడు. మొదటి సినిమాలో హాన్ సోలో అనే దొంగరవాణా మనిషి ఎదుటివాడికంటే ముందే కాల్చేస్తాడు. మారిన సినిమాలో ఎదుటివాడు ముందు కాలుస్తాడు. క్షణం పాటు సాగే దృశ్యం. దాని మీద ఇన్నేళ్ళుగా గొడవ నడుస్తున్నదంటే కారణం లేకపోలేదు. ముందు కాల్చినవాడు తర్వాత మారితే అది మనిషి మారిన కథ. మొదటినుంచీ మంచివాడే అయితే మారడానికి ఏముంది?

2012లో డిస్నీ సంస్థ 400 కోట్ల డాలర్లకు పైగా పోసి లూకాస్ కంపెనీని కొన్నది. 2014 ఏప్రిల్‌లో ఒక ప్రకటన వెలువడింది. తిమోతీ జాన్ 1991లో రాసిన ‘హెయిర్ టు ది ఎంపైర్’ మొదలుకొని అంతదాకా వచ్చిన నవలలు, బొమ్మల కథలు ఇకమీదట ‘లెజెండ్స్’, అంటే కట్టుకథలు అన్నది ఆ ప్రకటన సారాంశం. సినిమాలు ఎటూ కట్టుకథలే గదా అని మనం అనవచ్చు. కాని ఇరవై ఏళ్ళు ఆ నవలలు కొని చదివి, వాటి కాలక్రమాలు రాసుకుని, పిల్లలకు చెప్పిన పాఠకుడికి, తన చదువంతా ఒక్క కాగితంతో రద్దయినట్లు అనిపించింది. పుస్తకాలు అల్మారాలోనే ఉన్నాయి. వాటిలో అక్షరం కూడా మారలేదు. మారింది హోదా.

అభిమానులు ఈ స్థితిని ఎలా తట్టుకుంటారు? వాళ్ళు పట్టే తోవలలో ఒకటి మన పౌరాణికులకు ఎప్పుడో తెలుసు. రెండు పురాణాలు ఒక దానితో ఒకటి పొసగకపోతే పండితులు ‘కల్పభేదం’ అనేవారు. అది ఒక కల్పంలో జరిగింది, ఇది ఇంకొక కల్పంలో జరిగింది, రెండూ నిజమే. 2009లో వచ్చిన ‘స్టార్ ట్రెక్’ సినిమా చేసింది అచ్చంగా ఇదే. పాత కథలోని ముసలి స్పాక్‌ను, పాత నటుడు లెనార్డ్ నిమోయ్‌తోనే, కొత్త కథలోకి తీసుకువచ్చి, గతంలో ఒకచోట జరిగిన జోక్యం వల్ల కాలం రెండు పాయలుగా చీలిందని చెప్పింది. వల్కన్ అనే గ్రహం కొత్త పాయలో నాశనమైంది. పాత పాయలో చెక్కుచెదరలేదు. చూసేవాడికి ఊరట. కొత్త సినిమాలు తీసుకునేవాడికి సౌకర్యం. కల్పభేదం చెప్పిన పౌరాణికుడికి రెండో కల్పం మీద టికెట్టు ఆదాయం లేదు, తేడా అంతే.

ఇక మన కల్కి సంగతి. సినిమా చూడని పాఠకుల కోసం రెండు ముక్కలు. కురుక్షేత్రం ముగిసి ఆరు వేల ఏళ్ళు గడిచాయి. గంగ ఎండిపోయింది. మిగిలిన నగరం కాశీ ఒక్కటే. దాని నెత్తిన ‘కాంప్లెక్స్’ అనే తలకిందుల పిరమిడ్ వేలాడుతూ భూమిలో ఉన్నదంతా పీల్చుకుంటుంది. దాని అధిపతి యాస్కిన్. అక్కడి ప్రయోగశాలలో స్త్రీలకు పేర్లుండవు, అంకెలుంటాయి. సమ్-80 అనే స్త్రీ కడుపులో కల్కి పెరుగుతున్నాడు. ఆమెను శంబలవాసులు తప్పిస్తారు. సుమతి అని పేరు పెడతారు. అశ్వత్థామ కాపలా కాస్తాడు. బహుమానం కోసం ఆమెను పట్టుకోవడానికి వచ్చిన భైరవుడు చివరికి కర్ణుడని తేలుతుంది. దర్శకుడు నాగ్ అశ్విన్ ఊహాశక్తిని తక్కువ చెయ్యనక్కరలేదు. కాశీని పీల్చే ఆ పిరమిడ్ ఒక్కటి చాలు.

పేరులోని అంకెకు లెక్క ఉన్నది. కలియుగం క్రీ.పూ. 3102లో మొదలైందని సంప్రదాయం. దానికి 2898 కలిపితే ఆరు వేలు. బాగానే ఉంది. కాని అదే సంప్రదాయం ప్రకారం కలియుగ ప్రమాణం 4,32,000 ఏళ్ళు. కల్కి రావలసింది దాని చివర. అంటే సినిమా ఆయనను నాలుగు లక్షల ఇరవై ఆరు వేల ఏళ్ళు ముందుకు లాక్కువచ్చింది. సౌప్తిక పర్వంలో కృష్ణుడు అశ్వత్థామకు వేసిన శిక్ష మూడు వేల ఏళ్ళ తిరుగుడు. సినిమా దాన్ని రెండింతలు చేసింది. పాపం ఆ ముసలాయన తరపున ఎవరైనా అడిగినట్లు నాకు వినబడలేదు. ఉత్తరప్రదేశ్‌లోని సంభల్‌లో కల్కిధామ్ పీఠాధిపతి ప్రమోద్ కృష్ణం నిర్మాతలకు లాయరు నోటీసు పంపింది ఈ లెక్కల గురించి కాదు, కల్కి పుట్టుకను శాస్త్రగ్రంథాలకు విరుద్ధంగా చూపారని. టీవీ భారతంలో భీష్ముడుగా వేసిన ముఖేష్ ఖన్నా అభ్యంతరం అశ్వత్థామ మణిని తీసిన దృశ్యం మీద. మన కుర్రవాళ్ళు కొట్టుకున్నది మాత్రం ఒకే ఒక్క విషయం మీద. కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా?

వ్యాసుడి దగ్గర ఈ ప్రశ్నకు పెద్ద సందేహం లేదు. ఘోషయాత్రలో గంధర్వుల ముందు కర్ణుడు నిలవలేక తప్పుకుంటాడు. బందీ అయిన దుర్యోధనుణ్ణి విడిపించేది అర్జునాదులు. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు ఒంటరిగా అందరినీ ఓడిస్తాడు, ఆ అందరిలో కర్ణుడూ ఉన్నాడు. అయితే తెలుగు ప్రేక్షకుడి భారతం వ్యాసుడి దగ్గర మొదలు కాదు. 1977 సంక్రాంతికి, జనవరి 14న, ఒకే రోజు రెండు భారతాలు విడుదలయ్యాయి. ఒకటి ఎన్.టి. రామారావు తానే దర్శకుడై, కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు మూడూ తానే అయి తీసిన ‘దానవీరశూర కర్ణ’. సంభాషణలు కొండవీటి వెంకటకవివి. రెండవది కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన ‘కురుక్షేత్రం’. అందులో కృష్ణ అర్జునుడు, శోభన్‌బాబు కృష్ణుడు, కృష్ణంరాజు కర్ణుడు. గెలిచింది మొదటి భారతం. కర్ణుణ్ణి కులం పేరుతో అవమానిస్తే దుర్యోధనుడు అడ్డుపడే ఘట్టం ఊరూరా మైకుల్లో మోగింది. ఆ సంభాషణలు నోటికి వచ్చిన తరానికి కర్ణుడు తక్కువవాడు అంటే ఒప్పుకోరు. ఆనాటి కురుక్షేత్రంలో కర్ణుడైన కృష్ణంరాజు ఈనాటి భైరవుడు ప్రభాస్‌కు పెదనాన్న. అభిమానులకు ఇది కాకతాళీయం కాదు, వంశపారంపర్యం.

కర్ణుడి మీద సానుభూతికి సామాజికమైన పునాది ఉన్నమాట నిజం. సూతపుత్రుడివి, నీకు విల్లెందుకు అన్న మాట విన్నవాళ్ళు ఈ దేశంలో కోట్లమంది. కాని మన సినిమా ఈ సానుభూతిని ఎక్కడికి తీసుకుపోతున్నది? సూతుడు కాబట్టి గొప్ప అనదు, నిజానికి సూతుడు కాదు గనుక గొప్ప అంటుంది. సూర్యుడి కొడుకు, కుంతి కొడుకు. పుట్టుక రహస్యం విప్పి మళ్ళీ పుట్టుక దగ్గరికే తెస్తుంది. పైగా ద్యూతసభలో ద్రౌపదిని నోటికి రాకూడని మాట అని, వలువలు ఊడ్చమని దుశ్శాసనుడికి చెప్పినవాడు ఇదే కర్ణుడు. తెర మీద కర్ణుడు పెరిగిన కొద్దీ ఆ సభ చిన్నదైపోతుంది. నా అనుమానం, భైరవుడు కర్ణుడు కావడం వెనక ఏ తత్వమూ లేదు. వందల కోట్లు పెట్టినప్పుడు ఆ తార పక్కన ఇంకొకరు గొప్పవాళ్ళుగా నిలబడకూడదు, అంతే. ఆ లెక్క మా మేనల్లుడు కనిపెట్టాడు. వాడి బాధ వ్యాసుడి కోసం కాదు, తనను లెక్కలో వేసుకోలేదని.

కథ మారకూడదని వాదించడానికి ఓరుగల్లులో పుట్టినవాళ్ళకు అసలు హక్కు లేదు. బమ్మెర పోతన భాగవతం మొత్తం పోతనది కాదని మనకు చిన్నప్పుడే తెలుసు. కొన్ని భాగాలు శిథిలమైతే ఇతరులు పూరించారు. పంచమ స్కంధం గంగన, షష్ఠం సింగన, ఏకాదశ ద్వాదశాలు వెలిగందల నారయ. కల్కి అవతార కథ వివరంగా ఉన్నది ఆ ద్వాదశంలోనే. అంటే తెలుగు భాగవతంలో కల్కి కథ మనకు దక్కింది పోతన చేతి నుంచి కాదు, ఖాళీ పూరించిన చేతి నుంచి! శైలిలో తేడా ఉందని విమర్శకులు అన్నారు, అంటూనే ఉంటారు. కాని పుస్తకాన్ని ఎవరూ విసిరికొట్టలేదు. పూరించినవాళ్ళు తమ స్కంధాల చివర తమ పేర్లు రాసుకున్నారు. ఇది నాది, నన్ను అడగండి అని.

ఇంతకంటే ముఖ్యమైనది పటం కథ. మొన్న మొన్నటి దాకా వరంగల్ జిల్లాలో ఉండి 2016లో సిద్దిపేట జిల్లాలో కలిసిన చేర్యాలలో నకాషీలు ఈ పటాలు గీస్తారు. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు పట్టించి ఆరబెట్టి, దాని మీద కథంతా వరసగా బొమ్మలు. మూడడుగుల వెడల్పు, పదుల అడుగుల పొడవు. గీయించుకునేవాళ్ళు కథ చెప్పే కులాలవాళ్ళు. కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. కూనపులివారు పద్మశాలీలకు, డక్కలివారు మాదిగలకు. పటం విప్పుతూ రాత్రుళ్ళు కథ సాగుతుంది. ఇందులో గమనించవలసింది ఒకటి ఉన్నది. వినేవాడు బొమ్మల వరస ఎరిగినవాడు. చెప్పేవాడికి తిండిగింజలు పెట్టేవాడూ వాడే. ఒక ఘట్టం ఎగరగొడితే ఎదురుగా కూర్చున్నవాడు అక్కడికక్కడ అడుగుతాడు. కొత్త ముక్క బాగుంటే ఆగి వింటాడు, మరుసటి ఏడు మళ్ళీ చెప్పించుకుంటాడు. పటం చినిగిపోతే దాన్ని చూసి కొత్తది గీయించి, పాతదాన్ని మనిషికి చేసినట్లు నదిలో కలుపుతారు. ఆ కొత్త పటంలో నకాషీ చెయ్యి, చెప్పేవాడి అనుభవం, వినేవాడి కోరిక మూడూ కలుస్తాయి. కథ మారింది. కాని చాటున మారలేదు.

దీన్ని చూసి మురిసిపోనక్కరలేదు. ఆ అడిగే హక్కు కులం హద్దులోపలిది. డక్కలివాడు చెప్పే జాంబపురాణంలో భూమి పుట్టకముందే జాంబవుడున్నాడు. ఆ కథ దొరగడీలో చెప్పమంటే ఏమయ్యేదో మనం ఊహించగలం. ఒక వాడ కథ మరొక వాడను కట్టడి చెయ్యదు, అదే సమయంలో కదిలించనూ లేదు. కథలో ఆడవాళ్ళ పాత్రలను ఎలా నడపాలో ఆడవాళ్ళను అడిగింది తక్కువ.

కథను తలకిందులు చేసినవాళ్ళూ మనకున్నారు. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుకవధ’, రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’. వాళ్ళు మార్చింది ఎందుకో పీఠికలు రాసి మరీ చెప్పారు. తిట్టినవాళ్ళు తిట్టారు, జవాబులు వచ్చాయి, వాదం నడిచింది. కంపెనీ మార్పుకు పీఠిక ఉండదు. ప్రకటన ఉంటుంది.

చట్టం సంగతి కూడా చూడాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. అంటే కల్కి 2084 ఆఖరుదాకా ఒక సంస్థ ఆస్తి. అశ్వత్థామ ఎవరి సొత్తూ కాదు, ఎవరి పొలంలోనైనా పారే వాగు నీరు. దాన్ని సీసాలో పోసి మూత పెట్టిన తర్వాత ఆ సీసాకు మాత్రం యజమాని ఉంటాడు. భారతం అందరిదీ కాబట్టి తీసుకోవచ్చు. తీసుకుని చేసింది మాత్రం అందరిదీ కాదు.

ఇప్పుడు రెండో ప్రశ్న, కల్కి తల్లి. మన రంగస్థలానికి ఇది ప్రశ్నే కాదు. సురభివారి నాటకంలో ఈ రోజు ఒకరు కృష్ణుడు, రేపు మరొకరు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ మగవాడు. వేషం మారదు, మనిషి మారతాడు, ప్రేక్షకుడు వేషాన్ని చూస్తాడు. సినిమా ముఖాన్ని దగ్గరగా చూపించి ఈ అలవాటు చెరిపేసింది. తెలుగువాడికి కృష్ణుడంటే రామారావు ముఖమే అయిపోయింది. కల్కిలో కృష్ణుడి ముఖాన్ని నీడలో ఉంచారు, తెలివైన పని. సుమతి ముఖాన్ని మాత్రం మూడు గంటలు చూపించి, తర్వాత ఆ ముఖం ఉండదన్నారు. కారణాలు ఏమైనా కావచ్చు, అవి మన విషయం కాదు. నాకు విచిత్రం అనిపించింది మరొకటి. ప్రకటన వచ్చినప్పుడు జనం అడిగింది ఆమె స్థానంలో ఎవరు అని. అంకె తీసేసి సుమతి అని పేరు పెట్టుకున్న స్త్రీ, సినిమా పొడుగునా తన కడుపు గురించి ఎవరెవరో నిర్ణయాలు చేస్తుంటే, తనకేం కావాలో ఎప్పుడు చెప్పింది అని అడిగినవాళ్ళు తక్కువ. యాస్కిన్‌కు ఆమె గర్భంలోని చుక్క కావాలి. శంబలకు శిశువు కావాలి. భైరవుడికి బహుమానం కావాలి. కర్ణార్జునుల తగాదా అంత గట్టిగా సాగడానికి ఈ మౌనం కూడా ఒక కారణం అనుకుంటాను. చర్చకు వదిలింది ఆ మేరకే.

అభిమాని కోపం ఎప్పుడూ న్యాయమైనదేననడం లేదు. 2017లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో రోజ్ అనే పాత్ర నచ్చనివాళ్ళు ఆ పాత్ర వేసిన కెల్లీ మేరీ ట్రాన్ మీద పడ్డారు. జాతి పేరుతో, రూపం పేరుతో తిట్టి ఆమెను సామాజిక మాధ్యమాల నుంచి తప్పుకునేలా చేశారు. కథను మార్చినవాడు కంపెనీ గదిలో ఉంటాడు, అందడు. అందేది నటి. బలవంతుడి మీద కోపం బలహీనుడి మీదికి మళ్ళడం మనం వేరే చోట్ల చూసిందే. మన తారల అభిమాన సంఘాలకూ ఈ విద్య కొత్తది కాదు.

దీనికి విరుగుడుగా కొందరు చేసే పని ఒకటి ఉన్నది. తమ కథ తాము రాసుకుంటారు. మా మేనల్లుడు నిన్నగాక మొన్న ఒక నోటుబుక్కు తెచ్చి ఇచ్చాడు. పదకొండు పేజీలు. శంబలలో ఒక రాత్రి. సుమతి మాట్లాడుతుంది. కాంప్లెక్స్‌లో తనలాగే అంకెలు వేయించుకుని చచ్చిపోయిన ఆడవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతుంది. అశ్వత్థామ వింటాడు. ద్యూతసభ ప్రస్తావన కూడా తెచ్చాడు, కర్ణుడు జవాబు చెప్పలేక ఊరుకుంటాడు. ముఖం మారడానికి వాడు చెప్పిన కారణం నాకు నచ్చింది. ప్రయోగశాలలో అందరికీ ఒకే ముఖం తొడిగేవారట, ఆమె దాన్ని తీసేసిందట. భాష అక్కడక్కడ తడబడింది. అర్జునుడి మీద అభిమానం దాచుకోలేకపోయాడు.

పత్రికకు పంపుదామా అన్నాను. ఆలోచిస్తానన్నాడు. తిరగేసి చూస్తే ఎక్కడా పేరు లేదు. రాసినవాడి పేరు రాయవా అని అడిగాను.

“ఆళ్ళ సినిమా గద మామా. కేసేస్తరేమో” అన్నాడు.